ఎర్రచుక్క పడిన ఊరి పాలు

మా వదిన ఆవు పాలలో అణుధార్మిక పదార్థం ఎక్కువగా ఉందని లెక్కకట్టి తేల్చినవాళ్లలో, ఆ ఆవును కళ్లారా చూసిన మనిషిని నేనొక్కదాన్నే. అందుకే కాబోలు, నన్నెవరూ ఏమీ అడగలేదు.

నేను మదనపల్లెలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. అంకెలతో బతికే ఆడమనిషి మీద ఊళ్లో పెద్ద మంచి అభిప్రాయం ఉండదు. నన్ను చూడగానే కూరగాయలవాడు తక్కెడ మారుస్తాడని మావారు అంటారు. అది అబద్ధం. తక్కెడ మార్చడు, ముఖం మారుస్తాడు.

ఆ ఏడు మా వైపుకు ఒక పరిశోధన ప్రాజెక్టు వచ్చింది. బయటి ఊరి నుంచి వచ్చిన ఒక భౌతికశాస్త్రవేత్త దానికి పెద్ద. అందరూ ఆయన్ను పెద్దసారు అనేవాళ్లు, నేనూ అలాగే అంటాను. మాది రాతినేల. ఈ రాళ్లలో, మట్టిలో, లోతు బోర్ల నీళ్లలో యురేనియం, రేడియం లాంటివి పిసరంత ఉంటాయి. ఎవరో తెచ్చి పోసినవి కావు, నేలతోపాటే పుట్టినవి. ఆ పిసరంతలో ఎంత గడ్డిలోకి ఎక్కుతుంది, గడ్డి నుంచి ఎంత ఆవులోకి పోతుంది, ఆవు నుంచి పాలలోకి ఎంత వస్తుంది అని లెక్క కట్టడం ప్రాజెక్టు పని. ఒక్కో మెట్టుకూ ఒక గుణకం. అన్నీ కలిపి కంప్యూటరులో పెడితే దాన్ని మోడల్ అంటారు. లెక్కల పని కోసం నన్ను చేర్చుకున్నారు. చేర్చుకున్నందుకు పెద్దసారు తర్వాత ఎంత బాధపడ్డారో ఆయనకే తెలుసు.

మొదటి రోజే ఆ మోడల్ బొమ్మ తెర మీద చూపించారు. నేల ఒక డబ్బా, గడ్డి ఒక డబ్బా, ఆవు ఒక డబ్బా, పాలు ఒక డబ్బా. మధ్యలో బాణాలు. ఆవు డబ్బాకు కొమ్ముల్లేవు, తోక లేదు. ముఖ్యంగా నోరు లేదు. ఒక పక్క నుంచి బాణం లోపలికి, ఇంకో పక్క నుంచి బాణం బయటికి.

"సార్, ఈ ఆవు ఏం తింటుంది?" అని అడిగాను.

"సొంత పొలంలో గడ్డి మేడం. బోరు నీళ్లు తాగుతుంది. లిటరేచర్ అంతా అదే చెబుతుంది."

"ఏ ఊరి లిటరేచర్ సార్?"

ఆయన చెప్పిన దేశాల్లో ఆవులు మోకాలెత్తు పచ్చికలో నిలబడి ఏడాదంతా మేస్తాయట. మా వైపు ఆవుకు సొంత పచ్చిక ఉండాలంటే ముందు వాన పడాలి. ఇక్కడి ఆవు తినేది ఆ పూటకు ఏది దొరికితే అది. కాయలు కోసుకున్న వేరుశెనగ మొక్కలు ఎండిన చెనిక్కాయ కట్టె, తమిళనాడు నుంచి లారీలో దిగిన వరిగడ్డి, మామిడి కాలంలో జ్యూసు ఫ్యాక్టరీ తొక్కలు. టమోటా ధర పడిపోయిన వారం అయితే మార్కెట్టు బయట రోడ్డు పక్కన పారబోసిన కాయలు తిని, మూతికి లిప్‌స్టిక్ వేసుకున్నట్టు ఎర్రటి మూతితో ఇంటికొస్తాయి. ఇక తాగేది బియ్యం కడిగిన కుడితి. ఇదంతా చెప్పాను. పెద్దసారు ఓపికగా విని, "ఇవన్నీ నాయిస్ మేడం" అన్నారు. అంటే లెక్కలోకి రాని గోల అని. ఆ మాట ఆవులను ఉద్దేశించి అన్నారా నన్నా అన్నది ఆయన స్పష్టం చేయలేదు.

ఆవు జాతి దగ్గర ఇంకో పేచీ. పుంగనూరు పొట్టి ఆవు పేరు ప్రపంచానికంతా తెలుసు కాబట్టి పరిశోధన పత్రం శీర్షికలో అదే ఉండాలని ఆయన పట్టు.

"సార్, పొట్టి ఆవులు ఇప్పుడు పుంగనూరు పల్లెల్లో వెతికినా దొరకవు. హైదరాబాదులో డబ్బున్నవాళ్ల హాల్లో సోఫా పక్కన ఉంటాయి. పల్లెల్లో పాలిచ్చేవి సీమావులు. క్రాస్ ఆవులు."

"తెలుసు మేడం. అయినా శీర్షికలో పుంగనూరు ఉంటే చదివేవాళ్లు ఆగి చదువుతారు."

అలా మా మోడల్లో ఒక ఆవు తయారైంది. పేరు పొట్టి ఆవుది, కడుపు విదేశీ ఆవుది. నింద మాత్రం మా వదిన ఆవుకు వచ్చింది.

మా పుట్టిల్లు పుంగనూరు దగ్గర పల్లె. అక్కడ మా అన్న, వదిన ఉంటారు. అన్న టమోటా వేస్తాడు, అంటే ఏటా లాటరీ టిక్కెట్టు కొంటాడు. ఇల్లు నడిచేది మాత్రం వదిన రెండు సీమావుల మీద. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊరి పాలకేంద్రంలో పాలు పోస్తుంది. మిగిలినవాళ్లకు నెల జీతం ఎలాగో ఆమెకు పాలబిల్లు అలాగ. ఊళ్లో మిగతా ఇళ్లదీ అదే పద్ధతి. ప్రాజెక్టు వాళ్లు నమూనాలకు ఊరు వెతుకుతుంటే, మా ఊరైతే మనుషులు సహకరిస్తారని చెప్పింది నేనే. సహకరించారు కూడా. ఎలా సహకరించారో తర్వాత తెలిసింది.

ప్రాజెక్టు పిల్లలు ఒక రోజు ఊరికి పోయి పది ఇళ్లలో గడ్డి, మట్టి, పాలు సీసాలకెత్తుకొచ్చారు. పాలలో ఉన్నదాన్ని ఆవు తిన్నదానిలో ఉన్నదానితో భాగించి గుణకం తీశారు. ఆ తర్వాత కొన్ని నెలలకు ఊళ్లో కొత్తగా చాలా లోతు బోరు పడింది. దాని నీళ్లలో యురేనియం, రేడియం మిగతా చోట్లకంటే కాస్త ఎక్కువ కనిపించాయి. అప్పుడు మళ్లీ పాలు తెచ్చి చూడాలి కదా? చూడలేదు. మోడల్ ఉండగా ఆవుతో పనేమిటి? పాత గుణకాన్ని కొత్త బోరు నీళ్ల అంకెతో హెచ్చవేసి, ఈ ఊరి పాలలో ఇంత ఉంటుందని కంప్యూటరు నోట పలికించారు.

ఆ అంకెతో ఒక మ్యాపు వేసి కుప్పంలో మీటింగు పెట్టారు. కుర్చీలు నిండడానికి చుట్టుపక్కల రైతులను పిలిచి, భోజనం పొట్లాలు సిద్ధం చేశారు. తెర మీద మ్యాపు వచ్చింది. అన్ని ఊళ్లకూ పచ్చచుక్కలు, పసుపు చుక్కలు. మా ఊరికి ఒక్కదానికి మాత్రం ఎర్రచుక్క, పండు టమోటా అంత.

ఇంటర్వెల్లో పెద్దసారును పట్టుకున్నాను. "సార్, ఎరుపెందుకు? ప్రమాదమా?"

"ఛ, ఛ. అన్నీ భయపడాల్సినదానికి చాలా కిందే మేడం. ఉన్నవాటిలో ఎక్కువ కాబట్టి ఎరుపు. రిలేటివ్ స్కేల్."

"క్లాసులో ఎవరికీ జ్వరం లేదు. అందరిలోకీ ఒళ్లు కాస్త వెచ్చగా ఉన్న పిల్లను తీసుకుపోయి ఐసీయూలో పడుకోబెట్టినట్టుంది సార్."

"రంగు తేడా లేకపోతే వెనక వరసకు కనపడదు మేడం."

వెనక వరసకు బాగానే కనపడింది. అక్కడి నుంచి ఎవరో ఫోన్‌తో ఫొటో తీశారు. నేనెక్కిన బస్సు పలమనేరు చేరేలోపు ఆ చుక్క మా ఊరు చేరింది. బస్సు పుంగనూరులో ఆగగానే వదిన ఫోను.

"పాపా, నువ్వేనంటనే మా ఊరికి ఎర్రబొట్టు పెట్టింది?"

నాకు యాభై దగ్గర పడుతున్నా ఆమెకు నేను పాపనే. కోపం వచ్చినప్పుడు కూడా.

"ఎవరు చెప్పినారు వదినా?"

"ఎవురో చెప్పేదేంది, పాలకేంద్రం అప్ప ఫోన్లో సూపిచ్చినాడు. నీ బొమ్మ గూడా ఉండాది దాంట్లో. ముందు కుర్చీలో తల వాల్చుకోని నిద్రపోతాండావు."

"నిద్ర కాదు, కళ్లు మూసుకుని వింటున్నా."

"కండ్లు మూసుకోని ఇనే సదువు యాడుందో నాకు తెల్దు. ఈ ఊరి పాలు పోసుకోడంట. పైనించి చెప్పినారంట, బాగుండాయని తేలిందాకా మా క్యాను వద్దని. రెండావుల పాలు పొద్దన, సాయంత్రం. యాడ పోసుకోవల్ల నేను? నీ కాలేజీలో పోసుకుంటావా?"

నేను నోరు తెరిచేలోపు ఆమె ఫోను పెట్టేసింది. మా ఇంట్లో నాకంటే ముందు ఫోను పెట్టేయగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

ఆదివారం ఊరికి పోయాను. ఇల్లంతా పాలవాసన. పొయ్యి మీద కోవా, ఉట్టి మీద పెరుగు, గడప పక్క మజ్జిగ కుండ. మా అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మాట్లాడే పని వదినకు వదిలేసి చాలా ఏళ్లయింది ఆయనకు. నన్ను చూసి ఒకే మాట అన్నాడు: "మజ్జిగ తాగుతావా?" ఆ కంఠంలో ఉన్న వేడుకోలు ఏ మోడల్‌కూ అందదు. మూడు గ్లాసులు తాగి పాలకేంద్రానికి పోయాను.

పాలకేంద్రంలో పాలు కొలుచుకునే అప్ప నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మంచి మనిషి. మంచి మనుషులతోనే వాదించడం కష్టం.

"ఏమప్పా, మా వదిన పాలు యాల పోసుకోలేదు?"

"నాకేమన్నా పగా అమ్మా? పైన డెయిరీవోళ్లు వద్దంటే వద్దే."

"పైవాళ్లు పాలు పరీక్ష చేసినారా?"

"యాడ చేసినారు! నాకాడ ఉండేది వెన్నశాతం సూసే మిషను. ఆ రేడియేషన్ సూసే మిషను మాకియ్యలే."

"మరి ఏం చూసి ఆపినారు?"

"రంగు సూసి."

"కింద చిన్న అక్షరాల్లో 'ఇది ప్రమాద సూచిక కాదు' అని రాసి ఉంది. చదివినారా?"

"అమ్మా, అంత పెద్ద ఎర్రచుక్క పెట్టి, కింద చీమంత అచ్చరాలు రాస్తే ఎవురు సదువుతారు? మీరు పచ్చచుక్క పంపియ్యండి, మీ వదిన పాలు తలకెత్తుకోని పోసుకుంటా."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, అదే నా కోపం.

సోమవారం మదనపల్లెలో పెద్దసారు గదికి పోయి, ఆ ఊరి పాలు మళ్లీ తెచ్చి కొలవాలన్నాను. అవసరం లేదన్నారు. మోడల్ చెప్పిన సగటు పది ఇళ్ల పాలతోనూ చక్కగా సరిపోయిందట, ఇంత బాగా సరిపోవడం తన సర్వీసులోనే చూడలేదట. నాకు అప్పటిదాకా ఇచ్చింది సగటులే. ఒక్కో ఇంటి అంకె చూపించమన్నాను.

"సగటు ఉంది కదా మేడం, విడి అంకెలు ఎందుకు?"

"సార్, కుప్పంలో రెండో మీటింగు ఉంది కదా. నిధులిచ్చినవాళ్లు కూడా వస్తారు. అక్కడ మైకు తీసుకుని అడగమంటారా, ఇక్కడ మీ గదిలో అడగమంటారా?"

విడి అంకెలు వచ్చాయి.

వాటిని చూసి నేను కుర్చీలోంచి లేచాను. గడ్డి అంకెలు ఇంటికొకటిగా ఉన్నాయి, మట్టి అంకెలూ అంతే. పాలు మాత్రం పది ఇళ్లలోనూ ఒకటే. పొటాషియం ఒకటే, రేడియం ఒకటే, వెన్నశాతం కూడా ఒకటే. ఒక ఇంట్లో కొత్తగా ఈనిన ఆవు, ఇంకో ఇంట్లో ఒట్టిపోయే దశలో ఉన్న ఆవు, ఒకరు నూనె తీసిన చెనిక్కాయ చెక్క పెడతారు, ఒకరు ఎండుగడ్డితో సరిపెడతారు. అయినా పాలు కవలపిల్లలు. తేడాలే మా శాస్త్రానికి ఊపిరి. తేడా అన్నదే లేని చోట కారణం దేవుడైనా కావాలి, మనిషైనా కావాలి. అంత నీటుగా పని చేసే అలవాటు దేవుడికి ఉన్నట్టు నా అనుభవంలో లేదు.

"ఎంత బాగా సరిపోయిందో చూశారా మేడం?" అన్నారు పెద్దసారు, పక్కనే నిలబడి మురిసిపోతూ.

"చూశాను సార్. కాపీ కొట్టిన పిల్లల పేపర్లు కూడా ఇలాగే సరిపోతాయి."

ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి పోయాను. ఇంటికి పోయేముందు కాఫీపొడి కోసం అంగట్లో ఆగాను. మా ఊళ్లో ఉన్నది ఒకటే అంగడి, భాయి నడుపుతాడు. కాఫీపొడి కడుతూ అడిగాడు:

"క్యా మేడం, మల్లా పాల టెస్టు ఉండాదంట?"

"ఉండొచ్చు భాయీ. ఎందుకు?"

"ఒగ రోజు ముందే చెప్పండి. ప్యాకెట్లు ఎక్కువ తెప్పిచ్చి పెట్టుకుంటా. పోయినసారి మీ కాలేజీ పిల్లోళ్లు సీసాలు ఎత్తుకోని వచ్చిరి సూడు, ఆ పొద్దు ఆడోళ్లంతా వచ్చి ఉండే పాల ప్యాకెట్లన్నీ ఎత్తుకోని పాయిరి. నా ఇంట్లో చాయ్‌కి గూడా మిగల్లే. మా బీబీతో నేను పడిన తిట్లు నాకు తెలుసు, అల్లాకు తెలుసు."

నేను కాఫీపొడి అక్కడే మరిచిపోయి ఇంటికి పోయాను.

వదిన ఆవుకు కుడితి పెడుతోంది. వెనక్కు తిరగకుండానే, "మజ్జిగ ఉండాది, తాగు" అంది.

"వదినా, ఆ రోజు పిల్లలకు ఏ పాలు ఇచ్చినావు?"

"పాలే ఇచ్చినా."

"ఏ ఆవు పాలు?"

కుడితి తొట్టిలో చెయ్యి ఆగింది. "ప్యాకెట్ ఆవు పాలు" అంది, ఏమాత్రం సిగ్గు లేకుండా.

"ఎందుకట్లా చేసినావు?"

"ఆ పొద్దు శుక్రారం. శుక్రారం పూట ఇంట్లో పాలు ఊరికే బయటికి ఇస్తారా ఎవురన్నా? లచ్చిమి పోతాది. దాంతో గూడా, టెస్టు చేస్తామని సీసాలు పట్టుకోని పది మంది ఆవును సూస్తాంటే దిష్టి తగల్దా? ఇంటికొచ్చిన పిల్లోళ్లను లేదని పంపలేం. పాలడిగినారు, పాలిచ్చినాం. నువ్వు చెప్పినావనే ఇచ్చినాం."

"అందరూ అంతేనా?"

"అందరిండ్లలోనూ లచ్చిమి ఉండాది కదా పాపా."

"మరి శుక్రవారం పాలకేంద్రంలో పాలు పొయ్యవా నువ్వు? రోజూ పోస్తావు కదా! అప్పుడు లక్ష్మి పోదా?"

ఇది పట్టుకున్నానని నాకు లోపల సంబరం. వదిన నా వైపు తిరిగి, మందబుద్ధి పిల్లకు ఎక్కం చెప్పినట్టు చెప్పింది:

"అది అమ్మేది. ఇది ఇచ్చేది. అమ్మితే లచ్చిమి వస్తాది. ఊరికే ఇస్తే పోతాది. మీ పిల్లోళ్లు చేతిలో ఏమన్నా పెట్టినారా? ఒగ గుప్పెడు తవుడన్నా పెట్టినారా? పేపర్లో సంతకం పెట్టిచ్చుకోని సీసా చాపినారు."

అప్పుడు నాకు మొత్తం కనిపించింది. ఎన్ని ఊళ్ల పాలో కలిసిన ప్యాకెట్‌ను మా ఊరి గడ్డితో భాగించి, కొత్తబోరు నీళ్లతో హెచ్చవేసి, మా వదిన ఆవు మీద ఎర్రచుక్క పెట్టారు. ఆ ప్యాకెట్ అమ్మే డెయిరీనే ఇప్పుడు ఆమె పాలు వద్దంటోంది. ఇంత గందరగోళాన్ని ఇంత అందమైన గ్రాఫుగా వేయడం మాత్రం నిజంగా శాస్త్రమే.

"నీ వల్లనే ఈ చుక్క పడింది, తెలుసా?" అన్నాను.

"నా వల్లనా? ప్యాకెట్‌కూ ఆవుకూ తేడా కనుక్కోలేని మిషను పెట్టుకోని, నా వల్లంట!"

ఇద్దరం కాసేపు గట్టిగానే అరుచుకున్నాం. పక్కింటివాళ్లు గోడ మీద నుంచి చూసి, చర్చ అణుశాస్త్రానికి సంబంధించినదని తెలియక, ఆస్తి పంపకం అనుకుని వెళ్లిపోయారు.

మర్నాడు పెద్దసారుకు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. నాకు జాలి కూడా వేసింది. తన సర్వీసులో చూడనంత బాగా సరిపోయిన మోడల్ ఒక అంగట్లోని పాల ప్యాకెట్లతో సరిపోయిందని తెలిస్తే ఎవరికైనా అంతే.

"సరే, మళ్లీ తెద్దాం" అన్నారు చివరికి.

"తెద్దాం సార్. కానీ ఊరికే అడిగితే మళ్లీ ప్యాకెట్లే వస్తాయి. ప్రతిఫలంగా ఏదైనా ఇవ్వాలి."

"కుదరదు మేడం. నమూనాలు ఉచితంగా, స్వచ్ఛందంగా ఇవ్వాలని ఎథిక్స్ కమిటీ నియమం. ఏం ఇచ్చినా ప్రలోభపెట్టినట్టే."

అంటే ఏమిటి? ఉచితంగా ఇస్తే మా ఊళ్లో లక్ష్మి పోతుంది, ఉచితంగా ఇవ్వకపోతే పెద్దసారు ఎథిక్స్ పోతుంది. ఈ రెంటి మధ్య వదిన రోజూ పాలు కోవా చేస్తోంది. మా అన్న కోవా ముద్దను చూసి మొహం పక్కకు తిప్పుకునే స్థితికి వచ్చాడు.

"సార్, మనుషులకు ఏమీ వద్దు. ఆవుకు పెడదాం. గుప్పెడు చెనిక్కాయ చెక్క. ఆవును ప్రలోభపెట్టకూడదని కమిటీ రాసిందా?"

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, అదే ఆయనలో మంచి గుణం. "రాయలేదు. కానీ చెక్క తింటే ఆవు ఆహారం మారిపోతుంది. లెక్క చెడుతుంది."

"పాలు పిండిన తర్వాత పెడదాం సార్."

దానికి ఆయన దగ్గర అభ్యంతరం మిగల్లేదు. వెతికారు గానీ దొరకలేదు.

ఈసారి పెద్దసారు స్వయంగా వచ్చారు. వారంలో ఏ రోజు మంచిదో వదినే చెప్పింది. పాక ముందర చెప్పులు విడిచి, "తంతుందా అమ్మా?" అని అడిగారు.

"కొత్తోళ్లను సూస్తే తంతాది సార్. కాలేజీ వాళ్లని తెలిస్తే ఇంకా గట్టిగా తంతాది" అంది వదిన. సార్ రెండడుగులు వెనక్కు వేశారు.

పాలు పిండబోయేముందు ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని వదిన ఆవుకు దిష్టి తీసింది. తీస్తూ తీస్తూ పక్కన నిలబడిన సార్ చుట్టూ కూడా తిప్పేసింది. ఎందుకని అడిగితే, "ఆయప్ప కండ్లే కదా సూసేది, ఆడనే తీసేస్తే సరిపోతాది" అంది. సార్ దాన్ని కూడా నాయిస్ అనుకున్నారేమో, కదలకుండా నిలబడ్డారు.

పాలు సీసాలో పడ్డాయి. నురగ పొంగింది. సార్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వెచ్చగా ఉందని ఆశ్చర్యపోయారు. ఇన్నేళ్లుగా పాల మీద పత్రాలు రాస్తున్నా, ఆయన చేతికి వచ్చేసరికి అవి ఎప్పుడూ ఫ్రిజ్ చల్లదనంతోనే ఉండేవి. అంతలో మా అన్న పెరట్లో నుంచి టమోటా క్రేటు ఒకటి మోసుకొచ్చి, ధర లేక మిగిలిన కాయలను ఆవు ముందు బోర్లించాడు. ఆవు మూతి నిమిషంలో ఎర్రగా అయింది.

"ఇదేమిటి?" అన్నారు సార్.

"మీ బొమ్మలో లేని బాణం సార్" అన్నాను.

ఆయన జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద 'టమోటా' అని రాసుకున్నారు. ఆ ఒక్క పనితో ఆయన మీద నా కోపం సగం పోయింది. తర్వాత వదిన చెప్పిన ప్రకారం గుప్పెడు చెనిక్కాయ చెక్క ఆయన చేతితోనే ఆవుకు పెట్టించాం. అది తన్నలేదు. అరచేయి మొత్తం నాకింది, 'టమోటా'తో సహా. అది చూసి మిగతా ఇళ్ల ఆడవాళ్లూ పాలిచ్చారు, ప్రతి ఆవుకూ గుప్పెడు చెక్క పెట్టించుకుని.

పాలు పెద్ద ల్యాబుకు పోయాయి. ఫలితం వచ్చేదాకా వదిన నాతో మాట్లాడలేదు. కోవా మాత్రం పంపింది, తప్పించుకునే వీల్లేనంత.

ఫలితం వచ్చింది. ఈసారి అంకెలు ఇంటికొకటిగా ఉన్నాయి. వాటిని చూడగానే, ఇవి ఆవుల పాలే అని నాకు ప్రాణం లేచొచ్చింది. రేడియం, యురేనియం ఆ మిషను పట్టుకోలేనంత తక్కువ. ప్యాకెట్ పాలలో ఉన్నంత కూడా లేవు, ఆ ప్యాకెట్లోనూ భయపడాల్సినంత లేదనుకోండి. బోరు నీళ్లలో ఉన్నది పాలదాకా రానే లేదు. గుణకం కుప్పకూలింది. మ్యాపు మార్చాలన్నాను. అప్పుడు మొదలైంది బేరం.

"నారింజ రంగు పెడదాం మేడం. జాగ్రత్త కోసం."

"పచ్చ సార్."

"ఒక్కసారిగా ఎరుపు నుంచి పచ్చకు పోతే, ముందు చెప్పింది తప్పని అనుకుంటారు."

"తప్పే కదా సార్."

"పసుపు?"

మదనపల్లె మండీలో టమోటా వేలం పాట కూడా ఇంత పట్టుదలగా సాగదు. ఆయన లేత పచ్చ దాకా దిగారు. నేను పచ్చకు ఒక్క అడుగు ఇటు రాలేదు. చివరికి కుప్పం రెండో మీటింగులో మైకు సంగతి మళ్లీ గుర్తు చేశాను. పచ్చ పడింది. ప్యాకెట్ పాల అంకెలను పారేయకుండా 'మార్కెట్ పాలు' అన్న పేరుతో వేరే పత్రం రాస్తానన్నారు. రాయండి సార్, అన్నాను. ఒక మనిషి దగ్గర నుంచి అన్నీ లాక్కోకూడదు.

కొత్త మ్యాపు ఫొటోను పాలకేంద్రం అప్పకు వాట్సాప్‌లో పంపాను. కింద ఈసారి ఏ అక్షరాలూ పెట్టలేదు. మర్నాడు పొద్దునకల్లా ఊరి గ్రూపులన్నీ తిరిగింది. నేను ఊరు చేరేసరికి వదిన క్యాను పట్టుకుని పాలకేంద్రం వరసలో నిలబడి ఉంది. అప్ప ఫోను తీసి, చుక్కను వేళ్లతో పెద్దది చేసి చూసి, "పచ్చగా ఉండాది, పొయ్యమ్మా" అన్నాడు. పాలు మిషన్లో పడిన చప్పుడు నాకు ఏ గ్రాఫులోనూ దొరకని సంతోషం ఇచ్చింది.

తిరిగి వస్తూ దారిలో వదిన అడిగింది, చాలా రోజుల తర్వాత మామూలు గొంతుతో.

"అయితే పాపా, మా ఆవు పాలల్లో ఆ రేడియేషన్ అనేది బొత్తిగా లేదన్నమాట."

నేను టీచర్ని. నిజం సగం చెప్పడం చేతకాదు. "బొత్తిగా లేదని కాదు వదినా. పాలల్లో పొటాషియం ఉంటుంది. దాంట్లో సహజంగానే కొంచెం అణుధార్మికత ఉంటుంది. నీ పాలల్లోనే కాదు, ప్రపంచంలో అన్ని పాలల్లోనూ ఉంటుంది. తల్లిపాలల్లో కూడా. దానివల్ల ఏమీ..."

వదిన రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ముందుకు చూసింది, వెనక్కు చూసింది. పాలకేంద్రం దగ్గర వరస ఇంకా కదులుతూ ఉంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, గొంతు తగ్గించింది.

"ఈ మాట ఈడ ఎవురికీ చెప్పాకు పాపా. నీకు దండం పెడతా. పది రకాల రంగులుండాయంట ఆయప్ప కంప్యూటర్లో."

చెప్పలేదు. వాదించలేదు కూడా. మా ఊళ్లో నేను నోరు మూసుకున్న సందర్భం అది ఒక్కటేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు అందరి క్యాన్లూ పోసుకున్నారు.